అంకెలు మార్చి అడిగిన లెక్క

శిక్షణ కేంద్రం,
కంప్యూటర్ గది, కిటికీ పక్క కుర్చీ

పంతులమ్మక్కకి,

ఇక్కడ చేరిన రోజే ఫోన్లు తీసుకుని లాకర్లో పెట్టి తాళం వేశారు. ఆదివారం తప్ప చేతికివ్వరట. సాయంత్రం క్లాసులయ్యాక కాసేపు, పొద్దున్నే షెడ్డుకి వెళ్లేముందు కాసేపు ఈ కంప్యూటర్ గది తెరుస్తారు. కాబట్టి ఇక నీకు నా గొంతు వినే భాగ్యం లేదు, ఉత్తరాలే గతి. మెయిల్ అనాలేమో గానీ ఉత్తరం అనుకుంటేనే నాకు రాయబుద్ధేస్తుంది.

మా అమ్మ ఇంకా ముక్కు చీదుతూనే ఉందా? ఆడపిల్ల క్రేన్ పని నేర్చుకోవడమేమిటని పెద్దమ్మ దగ్గర ఏడ్చిందని విన్నాను. నేను క్రేన్ నడపనని కాస్త నచ్చజెప్పు. బరువులు ఎలా కట్టాలో, క్రేన్ నడిపేవాడికి కింద నిలబడి చేతి సైగలు ఎలా చెయ్యాలో నేర్పుతారు. ఆడపిల్లల్ని తీసుకోవడం మా బ్యాచ్‌తోనే మొదలు. ఉన్నది ఇద్దరం, నేనూ, నా పక్క మంచం పిల్లా. నా భుజం దాకా కూడా రాదు. అందరూ పొట్టీ అనే పిలుస్తారు, పిలిస్తే పలుకుతుంది కూడా.

నెట్‌లో నువ్వు చేర్పించిన లెక్కల గుంపు ఉండబట్టి బతికిపోతున్నాను. ఏ ఊరివాళ్లో, ఏ కాలేజీవాళ్లో తెలియదు, హోంవర్క్ పెడితే చాలు ఎవరో ఒకరు వచ్చి విప్పి చెప్తున్నారు. మీ గుంపు నియమం కూడా పాటించాను లే, తిట్టకు. లెక్క ఎక్కడిదో తెలియకుండా అంకెలు మార్చి అడగాలి, పద్ధతి మాత్రమే తీసుకుని మన అంకెలతో మనమే చేసుకోవాలి, అంతేగా? లేకపోతే పంతుళ్లు నెట్‌లో వెతికి పట్టుకుంటారన్నావు.

ఇవాళ్టి లెక్క ఇది. మూడు టన్నుల దూలం. రెండు చివర్లా రెండు ఇనుప తాళ్లు కట్టి, పైన ఒకే హుక్కుకి తగిలించారు. తాడుకీ దూలానికీ మధ్య కోణం అరవై డిగ్రీలు. ఒక్కో తాడు మీద ఎంత బరువు? నేను ఒకటిన్నర అని రాశాను. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశారు. ఇద్దరు మోస్తుంటే సగం సగం కాదా?

నువ్వు గుంపులో పెట్టిన డ్రాయింగు చూసి పొట్టీ నేనూ పడీ పడీ నవ్వుకున్నాం. ఇనుప తాడు చివర మడిచి బిగించే క్లిప్పులున్నాయి చూడు, వాటి వంపు బోల్టు ఎప్పుడూ బరువు మొయ్యని తాడు తోక వైపు ఉండాలి. నువ్వు బరువు మోసే వైపు గీశావు. అలా బిగిస్తే ఆ బోల్టు తాడుని కొరికేస్తుంది. పరీక్ష ముందే దిద్దుకో.

నీ
బుడంకాయ్


కాలేజీ లైబ్రరీ,
కింది అంతస్తు, ఫ్యాన్ లేని బల్ల

ఒసే బుడంకాయా,

క్లిప్పులు దిద్దుకున్నాను. నిజంగా చేతిలో పట్టుకుని చూసినదాన్నయితే ఆ తప్పు చేసేదాన్ని కాదు. ఇంజనీరింగు మూడో ఏడు చదువుతూ ఒక్క ఇనుప తాడూ ముట్టుకోలేదంటే నవ్వుతావు, నవ్వుకో. ఇద్దరమూ ఒకే కాలేజీలో ఉంటే ఎంత బాగుండేది! నీ చేతులు, నా లెక్కలు కలిపితే ఒక పూర్తి మనిషి అయ్యేది.

ఇక నీ లెక్క. చిన్నప్పుడు మనిద్దరం ఒకే బకెట్ పట్టుకుని నీళ్లు మోసేవాళ్లం, గుర్తుందా? పక్కపక్కనే నడిస్తే సగం సగమే. నువ్వు నీ పౌరుషంతో దూరంగా జరిగి నడిస్తే ఇద్దరికీ చేతులు పీకేవి. బకెట్ అదే, నీళ్లూ అవే. తాళ్లు కూడా అంతే. నిటారుగా ఉంటే సగం సగం మోస్తాయి. పడుకునే కొద్దీ ఒకదాన్నొకటి పక్కకి లాక్కుంటూ, సగం కంటే ఎక్కువ మోస్తాయి. బరువుని రెండుతో భాగించు, వచ్చినదాన్ని ఆ కోణం సైన్‌తో భాగించు. అంతే లెక్క.

ఎందుకలా అని ఒకసారి బొమ్మ గీసి చూసుకో. ఊరికే పద్ధతి బట్టీ కొడితే నీ బుర్రకి తుప్పు పడుతుంది. అర్థం కాకపోతే మళ్లీ అడుగు, పదిసార్లు అడిగినా విసుక్కోను. పదకొండోసారి చెప్పలేను.

మీ
అక్క


శిక్షణ కేంద్రం,
కంప్యూటర్ గది, అదే కుర్చీ

అక్కా,

శుభవార్త. హోంవర్క్ మార్కులన్నీ కలిపి నోటీసు బోర్డులో పెట్టారు. బ్యాచ్ మొత్తంలో నేనే ఫస్టు! మగపిల్లల మొహాలు చూడాలి నువ్వు. నిన్నటిదాకా మమ్మల్ని చూసి ఇకిలించినవాళ్లు ఇవాళ నా దగ్గరికొచ్చి సందేహాలు అడుగుతున్నారు. "తర్వాత చెప్తాను" అని పెద్ద బిజీ ఉన్నట్టు తప్పించుకుంటున్నాను. పొట్టి మార్కులు అడుగు నుంచి లెక్కపెట్టాలి. కానీ సైగలు చెయ్యడంలో దాన్ని మించినవాళ్లు లేరు. షెడ్డులో పని నేర్పే మా మేస్త్రి ఎవరినీ మెచ్చుకోడు, దాని చెయ్యి చూసి మాత్రం తలూపుతాడు.

అమ్మకి చెప్పు. ఫస్టు అన్న మాట గట్టిగా చెప్పు.

ఇంకో హోంవర్క్ ఉంది. నాలుగు టన్నుల బరువు, రెండు తాళ్లు, కోణం ముప్పై అయిదు డిగ్రీలు. పైకప్పు తక్కువ ఎత్తులో ఉంది కాబట్టి తాళ్లని అంతకంటే నిటారుగా పెట్టడానికి లేదు. హుక్కు పైకి వెళ్లే చోటు లేదు. పాత పద్ధతే కదా? కోణం ఇంత తక్కువున్నా అదే పద్ధతి పనిచేస్తుందా? గురువారంలోగా చెప్పు, మరచిపోకు.

తాళ్లు బరువు కిందుగా చుట్టి కట్టినా, దాని పైనున్న కొక్కేలకి బిగించినా లెక్క ఒకటేనా అని కూడా చెప్పు.

నీ
ఫస్టు ర్యాంకు చెల్లెలు


కాలేజీ,
మెట్ల దగ్గర, క్లాసు ఎగ్గొట్టి

బుడంకాయ్,

ఫస్టు అన్నందుకు సంతోషం. పిన్నికి ఫోన్ చేసి చెప్పాను, నిజంగానే గట్టిగా చెప్పాను. "దానికి అన్నం సరిగ్గా పెడుతున్నారా" అని అడిగింది. అంటే మెత్తబడ్డట్టే.

పద్ధతి అదే. ముప్పై డిగ్రీలకి దిగితే ఒక్కో తాడూ మొత్తం బరువంత మోస్తుంది, అంతకంటే దిగకూడదు. ఇది నీ ప్రశ్నకి జవాబు.

ఇప్పుడు నా ప్రశ్న. నేను ఇన్నేళ్లుగా పుస్తకాల్లో లెక్కలు చేస్తున్నాను. ఏ పుస్తకంలోనూ ఏ లెక్కకీ పైకప్పు ఉండదు. తాడు కిందుగా చుట్టారా, కొక్కేనికి బిగించారా అని ఏ పంతులూ అడగడు. గురువారం అని నువ్వెప్పుడూ గడువు పెట్టలేదు. నా చెవిలో పువ్వులు పెట్టకు. ఆ పైకప్పు ఎక్కడిది? దాని కింద ఏముంది?

దాచిపెట్టకుండా రాయి. నాకు మనసు మనసులో లేదు.

అక్క


శిక్షణ కేంద్రం,
కంప్యూటర్ గది

అక్కా,

నీ ముక్కు మీద కోపం ఇక్కడికి కనిపిస్తోంది. సరే, చెప్తాను. ముందు చెప్తే గుంపు పెద్దమనిషి హోదాలో ఒప్పుకోవని చెప్పలేదు.

ప్రతి బ్యాచ్‌లోనూ చివర్న ఒక నిజమైన బరువు లేపుతారు. హోంవర్క్‌లో ఫస్టు వచ్చినవాళ్లే లెక్క వేసి, తాళ్లు ఎంచి, కింద నిలబడి సైగలు చెయ్యాలి. ఈసారి అది నేను. షెడ్డులో ఒక పాత ప్రెస్సు యంత్రం ఉంది. దాన్ని లేపి బయటి బండి మీద పెట్టాలి. శిక్షణ కేంద్రం పెద్దలు, ఉద్యోగాలిచ్చే కంపెనీలవాళ్లు వచ్చి కుర్చీల్లో కూర్చుని చూస్తారట. రేపు పొద్దున్నే.

నాకు లెక్క రాదని నీకు తెలుసు. నీకొక్కదానికే తెలుసు. బొమ్మ గీసి చూసుకోమన్నావు, గీశాను, అర్థం కాలేదు, నీ పద్ధతి బట్టీ పట్టాను. దాంతోనే మార్కులొచ్చాయి. ఇప్పుడు వెళ్లి "నాకు రాదండీ" అంటే, మరి ఆ మార్కులు ఎక్కడివి అంటారు. ఆడపిల్లల్ని తీసుకుందామా వద్దా అని ఇక్కడ ఇంకా గొణుగుతూనే ఉన్నారు. మొదటి బ్యాచ్‌లో ఫస్టు వచ్చినమ్మాయే నీళ్లు నమిలిందంటే నాతోపాటు పొట్టి కూడా ఇంటికే. మా తర్వాత రావాలనుకునేవాళ్లకి ఆ తలుపు తెరవరు. అది ఆలోచించు.

నువ్వు కంగారుపడాల్సిందేమీ లేదు. నియమం ప్రకారం నీకు అంకెలు మార్చి పంపాను. అసలు అంకెలు నా దగ్గరున్నాయి. అయిదు టన్నులు, ముప్పై డిగ్రీలు. నీ పద్ధతిలో వేస్తే ఒక్కో తాడుకి అయిదు టన్నులు. తాడు ఆరు మోస్తుంది. ఇంకా ఒక టన్ను మిగులు. క్లాసు పంతులుకి చూపిస్తే "పద్ధతి శుభ్రంగా ఉంది" అన్నారు. ఆయన షెడ్డులోకి రారనుకో. పంతులు చూశారు కదా అని మేస్త్రి మళ్లీ చూడలేదు.

యంత్రాన్ని ఇవాళ కడిగాం. మధ్యలో అంతా పీకేసి ఖాళీగా ఉంది, ఒక పక్క మాత్రం మోటారూ గేరు పెట్టే ఇంత లావున వేలాడుతున్నాయి. యంత్రం ఊగకుండా తాడు పట్టుకుని ఆ మోటారు పక్కనే పొట్టి నిలబడుతుంది. దానికి రేపటి కోసం బూట్లు తళతళలాడేలా తుడుచుకోవడమే సరిపోయింది ఇవాళంతా.

 నన్ను దీవించు.

చెల్లెలు


ఇల్లు,
మన గది

నువ్వు ఎప్పుడు చూస్తే అప్పుడు, చూసిన మరుక్షణం

ఆ యంత్రాన్ని లేపకూడదు.

నేను నీ ఉత్తరం చూసేసరికే మీ కంప్యూటర్ గది మూసేసి ఉంటారు. మీ హాస్టల్ నంబరుకి చేస్తుంటే ఎవరూ ఎత్తడం లేదు. పొద్దున షెడ్డుకి వెళ్లేముందు కంప్యూటర్ తెరుస్తావనే ఆశతో రాస్తున్నాను.

నువ్వు అంకెలు మార్చావు, సరే. అంకెలతోపాటు ఇంకోటి కూడా వదిలేశావు. బరువు ఒక పక్కకి ఉందని చెప్పలేదు. నేను నేర్పిన పద్ధతి బరువు సరిగ్గా మధ్యలో ఉన్న దూలానికి. హోంవర్క్‌లో ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది కాబట్టి నేనూ ఆ మాట విడిగా చెప్పలేదు. మోటారు ఒక పక్కకి ఉన్న యంత్రానికి ఆ పద్ధతి పనికిరాదు.

తాడు తెగుతుందని కాదు నా భయం. ఆరు టన్నుల తాడు ఆరు టన్నులూ మోస్తుందేమో. యంత్రం ఒరిగిపోతుంది. హుక్కు మధ్యలో ఉంది, బరువేమో పక్కనుంది. పైకి లాగగానే ఖాళీ వైపు లేస్తుంది, మోటారు వైపు కిందికి దిగుతుంది. తాళ్లు అంత పడుకుని ఉన్నప్పుడు హుక్కు యంత్రానికి మరీ దగ్గరగా ఉంటుంది, అప్పుడు ఆ ఒరగడం ఇంకా ఎక్కువ. నేను బొమ్మ గీసి చూశాను. తాళ్లు కిందుగా చుట్టి కట్టారంటే యంత్రం వాటిలోంచి జారి మోటారు వైపే పడుతుంది. ఆ పక్కనే పొట్టి నిలబడుతుందని రాశావు.

ఏదీ కుదరకపోతే ఈ ఒక్క పని చెయ్యి. ఏదో వంక పెట్టి పొట్టిని ఆ పక్కనుంచి తప్పించు. తర్వాత మేస్త్రితో, బరువు ఎక్కడుందో చూసి హుక్కు సరిగ్గా దాని పైకి జరపాలి, కొలుచుకోవాలి, ఇవాళ వద్దు అని చెప్పు. లెక్క రాదని చెప్పనక్కర్లేదు. కొలత ఒకటి మిగిలిపోయిందని చెప్పు చాలు.

చూసిన వెంటనే "చూశాను" అని ఒక్క ముక్క పంపు.

అక్క


బస్టాపు,
తెల్లారాక

బుడంకాయ్,

ఏమీ రాలేదు. నువ్వు చూశావో లేదో తెలియదు. హాస్టల్లో ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. మీ శిక్షణ కేంద్రం ఆఫీసు నంబరు సంపాదించాను, ఇంకా తెరవలేదు. తెరవగానే చేస్తాను.

చేస్తే నీకేమవుతుందో నాకు తెలుసు. నువ్వు రాసిన ప్రతి మాటా చదివాను. ఆ తలుపు గురించి రాసింది కూడా చదివాను. కాలేజీ బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఇక్కడే నిలబడి నిన్ను బతిమాలుతున్నాను. ఒక్క ముక్క పంపు, నేను ఫోన్ చెయ్యను.

*

ఆఫీసు తెరిచారు. చేస్తున్నాను.


శిక్షణ కేంద్రం,
కంప్యూటర్ గది

నీకు,

నీ ఉత్తరాలు రెండూ ఇవాళ చదివాను. అన్నీ అయిపోయాక.

ఏం జరిగిందో తెలుసుకుంటావా? చెప్తాను విను. నీ ఉత్తరం అందకుండానే, యంత్రం ముందు నిలబడగానే నాకే తట్టింది. మోటారు వైపు బరువు ఎక్కువుంది కదా అని నాకే అనిపించింది. చెయ్యి అడ్డంగా చాచి ఆగమని సైగ చేశాను. మేస్త్రి దగ్గరికి వెళ్లి హుక్కు జరపాలేమోనని చెప్పబోతున్నాను. సరిగ్గా అప్పుడు ఆఫీసు గుమాస్తా రొప్పుకుంటూ వచ్చి షెడ్డంతా వినబడేలా అరిచాడు. "ఆపండి! ఆ అమ్మాయి లెక్కలన్నీ వాళ్లక్క చేసిపెడుతుందట, ఆ లెక్క తప్పట, వాళ్లక్కే ఫోన్ చేసి చెప్తోంది!"

కుర్చీల్లో కూర్చున్నవాళ్లందరూ విన్నారు. ఒకాయన నవ్వాడు. మగపిల్లల్లో ఒకడు చప్పట్లు కొట్టాడు. ఆ రోజుకని షెడ్డుకొచ్చిన క్లాసు పంతులు నా వైపు చూసిన చూపు నేను చచ్చినా మరచిపోను. నేను గౌరవంగా ఆపగలిగేదాన్ని. నువ్వు నా పరువు షెడ్డు మధ్యలో నిలువునా తీశావు.

నా మార్కులన్నీ కొట్టేశారు. నన్ను ఉంచాలా పంపాలా అని మాట్లాడుకుంటున్నారు. తేలేదాకా తాళ్ల గదిలో కూర్చుని పాత తాళ్లకి గ్రీజు పుయ్యాలి. పొట్టిని పంపలేదు, ఆ మాత్రం అదృష్టం. అది రోజూ నాతో కూర్చుంటోంది.

అమ్మకి ఆదివారం అంతా చెప్పాను. నువ్వు ఒక్క పూట నన్ను నమ్మి ఊరుకుని ఉంటే ఇవాళ నా బతుకు వేరేలా ఉండేదని చెప్పాను. బరువు ఎత్తడం వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు అక్కా, పక్కవాళ్ల మీద నమ్మకం ఉంచడం వచ్చినవాళ్లు తక్కువ.

నాకు ఇక రాయకు.


ఇల్లు,
మన గది

బుడంకాయ్,

రాయొద్దన్నావు. చాలాకాలం రాయలేదు. ఇది చదవకపోయినా ఫరవాలేదు, రాయకపోతే నాకు ఊపిరాడటం లేదు.

పిన్ని మా ఇంటికి రావడం మానేసింది. మొన్న బజార్లో ఎదురుపడితే నా మొహం చూడకుండా పక్క సందులోకి తిరిగిపోయింది. అమ్మ నన్నేమీ అనదు. కానీ ఫోన్లో పిన్నితో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి "అది తొందరపాటు మనిషి, ఏం చేస్తాం" అంటుంది. పక్క గదిలోంచి నాకు వినబడుతూనే ఉంటుంది. గుంపులోంచి బయటికి వచ్చేశాను. ఎవరైనా లెక్క అడిగితే, ఇది నిజంగా హోంవర్కేనా అని అనుమానం. జవాబు రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ దగ్గర దాచేదేముంది, మొదట నాకూ కోపమే వచ్చింది. ప్రాణం పోయేదేమోనని ఫోన్ చేస్తే నన్నే తిడుతుందా అనుకున్నాను. తర్వాత నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. నువ్వే ఆపావు. ఎవరూ చెప్పకుండా, లెక్క రాకపోయినా, ఆ యంత్రాన్ని చూసి నీకు నువ్వే కనిపెట్టావు. అది నాకు తట్టనే లేదు. నువ్వు ఆపగలవన్న ఆలోచనే నాకు రాలేదు. బకెట్ మోసిన రోజుల్లో నువ్వెంతో, నా కళ్లకి ఇప్పటికీ నువ్వు అంతే.

గుమాస్తాకి "లెక్క తప్పు, ఆపండి" అని చెప్పి ఊరుకోవలసింది. మీకెలా తెలుసు అన్నాడు. ఏదో ఒక అబద్ధం చెప్పలేకపోయాను. నేనే చేసిపెట్టానన్నాను. ఆ ఒక్క మాట మింగి ఉంటే నీ పరువు నిలిచేది. నిన్ను నమ్మనందుకు, అందరి ముందూ తలదించుకునేలా చేసినందుకు నన్ను క్షమించు. పిన్నితో కూడా అదే చెప్తాను, తలుపు తీస్తే.

నిన్ను ఉంచారా, పంపారా? అదొక్కటి చెప్పు చాలు.

అక్క


శిక్షణ కేంద్రం,
కంప్యూటర్ గది, కిటికీ పక్క

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ చదివాను. సగం చదివి లేచి బయటికి వెళ్లిపోయాను. మళ్లీ వచ్చి మిగతాది చదివాను. క్షమించమని నువ్వు నన్ను అడిగావు. ఆ మాట చదివాక నాకు ఇక దాచే ఓపిక లేదు.

నేను ఆపలేదు.

ఆ రోజు పొద్దున్నే, షెడ్డుకి వెళ్లేముందు ఈ కుర్చీలోనే కూర్చుని నీ ఉత్తరం చదివాను. మొత్తం చదివాను. "చూశాను" అని టైపు చేశాను కూడా. పంపలేదు. పంపితే ఆపాలి కదా. అలా కూర్చున్నాను, గంట కొట్టారు, లేచి షెడ్డుకి వెళ్లిపోయాను.

దారంతా మేస్త్రితో ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. కొలత ఒకటి మిగిలిపోయిందని చెప్దామనుకున్నాను, నువ్వు రాసిన మాటే. షెడ్డులో అడుగు పెట్టేసరికి కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. మేస్త్రి "అంతా సరేనా?" అన్నాడు. సరే అన్నాను. అలా ఎలా అన్నానో నాకు తెలియదు. కాస్త లేపి చూస్తే తెలుస్తుంది, ఒరిగితే దింపేయొచ్చు అని మనసులో ఏదో సర్దిచెప్పుకున్నాను. చెయ్యి ఎత్తి, వేలు పైకి పెట్టి తిప్పాను. లేపమని సైగ.

తాళ్లు బిగుసుకున్నాయి. యంత్రం ఖాళీ వైపు పాదం నేల వదిలింది. మోటారు వైపు కదలలేదు. నువ్వు రాసినట్టే జరుగుతోంది. నేను చూస్తున్నాను. చూస్తూ కూడా వేలు తిప్పుతూనే ఉన్నాను అక్కా. చెయ్యి కిందికి రాలేదు. కుర్చీల్లోవాళ్లు చూస్తున్నారని, ఆపితే ఎందుకని అడుగుతారని. అప్పుడు గుమాస్తా అరిచాడు. ఆ అరుపుకి క్రేన్ నడిపేవాడు ఆపేశాడు. మేస్త్రి పరుగున వెళ్లి యంత్రం కిందికి వంగి చూశాడు. చుట్టి కట్టిన తాడు అప్పటికే జానెడు జారిందట. ఇంకాస్త లేస్తే మొత్తం వచ్చేసేదన్నాడు.

నువ్వు ఫోన్ చేశావు కాబట్టి అది పడలేదు. వేరే కారణమేమీ లేదు.

నువ్వు అడిగిన ఒక్క పనైనా చేసి ఉండొచ్చు. పొట్టిని ఆ పక్కనుంచి తప్పించమన్నావు. అక్కడికి పదడుగులు కూడా లేదు. జరగమంటే, ఎందుకు జరగాలి అంటుందని జరగమనలేదు. అది తాడు పట్టుకుని, నా చెయ్యి వైపే చూస్తూ నిలబడింది. నా సైగ తప్ప ఇంకేమీ చూడకూడదని మాకు నేర్పారు కదా. అది సరిగ్గా నేర్చుకుంది.

నన్ను పంపలేదు. మొదటి క్లాసు నుంచి మళ్లీ కూర్చోమన్నారు, కొత్త బ్యాచ్‌తో. అది మొదలయ్యేదాకా తాళ్ల గదే. ఆ బ్యాచ్‌లో ఆడపిల్లలు మరికొంతమంది ఉన్నారు. నేను భయపడినట్టు ఏ తలుపూ మూసుకోలేదు. అసలా తలుపుకీ నా భయానికీ సంబంధమే లేదు. నాకు నా పరువు కావాలి, అంతే. దానికి అందరి పేరూ అడ్డం పెట్టుకున్నాను.

ఈ ఉత్తరం అమ్మకి కూడా పంపుతున్నాను. మీ ఇంటికి తనే వస్తుంది. ఏడుస్తుంది, ఏడవనీ. నువ్వు మాత్రం ఇంకెప్పుడూ ఎవరినీ ఈ విషయంలో క్షమించమని అడగకు.

పొట్టికి ఇంకా ఏమీ తెలియదు. అది యంత్రానికి అవతలి వైపు ఉంది, పాదం లేవడం దానికి కనిపించలేదు. నాకు లెక్క నిజంగానే తెలియక తప్పు చేశాననుకుంటోంది. రోజూ తాళ్ల గదిలో నా పక్కన కూర్చుని "పోనీలేవే, లెక్క ఎవరికైనా తప్పుతుంది" అంటుంది. నా వాటా గ్రీజు కూడా తనే పూస్తుంది. 

ఇప్పుడు తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఇద్దరి కంచాలూ చేతిలో పట్టుకుని, త్వరగా రా, ఆకలేస్తోంది అంటోంది. ఈ ఉత్తరం పంపి దాని దగ్గరికి వెళ్తాను. నీ ఉత్తరం చదివి కూడా వేలెత్తానని చెప్తాను. అంతా విన్నాక నాతో భోజనానికి వస్తుందో, నా కంచం నా చేతిలో పెట్టి వెళ్లిపోతుందో నాకు తెలియదు.

నీ చెల్లెలు